నేల మీది నుండి లేవగల బలం

మన మస్జిదులలో కుర్చీల సంఖ్య పెరుగుతూ ఉన్నది. ఒకప్పుడు చివరి సఫ్‌లో ఏదో ఒక మూల ఒకటో రెండో కనిపించేవి. నేడు పట్టణాలలోని అనేక మస్జిదులలో సఫ్‌ల కొసన కుర్చీలు వరుసగా వేసి ఉంటున్నాయి. వాటిపై కూర్చుని నమాజు చేసేవారందరూ డెబ్బై ఏళ్ళ వృద్ధులు కారు. యాభై దాటీ దాటనివారూ వారిలో ఉన్నారు.

ముందుగా ఒక మాట స్పష్టం చేయాలి. కుర్చీపై కూర్చున్న సోదరుణ్ణి వేలెత్తి చూపే హక్కు ఎవరికీ లేదు. హజ్రత్ ఇమ్రాన్ బిన్ హుసైన్ (ర) అనారోగ్యంతో ఉండి నమాజు గురించి అడిగినప్పుడు, నిలబడి చేయమనీ, అది సాధ్యం కాకపోతే కూర్చునీ, అదీ సాధ్యం కాకపోతే పక్కకు ఒరిగి పడుకునీ చేయమనీ దైవప్రవక్త (స) ఆదేశించినట్లు సహీహ్ బుఖారీలో ఉన్నది. ధర్మం సౌలభ్యం ఇచ్చిన చోట ఇరుకు సృష్టించడం మా ఉద్దేశం కాదు. మేము మాట్లాడదలచినది నేడు కుర్చీపై ఉన్నవారితో కాదు. నేడు నలభై ఏళ్ళ వయస్సులో ఉండి, మరో ఇరవై ఏళ్ళకు తాము ఆ కుర్చీలో కూర్చోబోతున్నామన్న ఎరుక లేనివారితో. వ్యాధి తెచ్చిన అశక్తత వేరు, ఏళ్ళ తరబడి చేసిన అశ్రద్ధ తెచ్చిన అశక్తత వేరు. మొదటిది పరీక్ష. రెండవదానిని మనం చాలావరకు నివారించగలం.

రెండు బలహీనతల నడుమ

సూరా రూమ్ 54వ ఆయతులో అల్లాహ్ మానవ జీవితాన్ని మూడు దశలుగా మన ముందుంచాడు. బలహీన స్థితిలో పుట్టించడం, ఆ తరువాత బలాన్ని ప్రసాదించడం, ఆ బలం తరువాత మళ్ళీ బలహీనతనూ నెరసిన తలనూ ఇవ్వడం. ఈ ఆయతును విద్యార్థులకు బోధించేటప్పుడు మేము ఒక విషయంపై వారి దృష్టిని నిలుపుతాము. మొదటి బలహీనతలో మన ప్రమేయం లేదు. చివరి బలహీనత రాక తప్పదు. మధ్యనున్న బలం మాత్రమే మన చేతికి అప్పగింతగా వచ్చినది. అప్పగించిన సొమ్మును అమానతు అంటాము. అమానతుకు లెక్క చెప్పుకోవలసి ఉంటుంది.

తాలూత్‌ను బనీ ఇస్రాయీల్‌కు రాజుగా నియమించినప్పుడు, ఆయనకు ధనం లేదని వారు ఆక్షేపించారు. దానికి జవాబుగా చూపిన అర్హతలు రెండు: జ్ఞానంలో ఆధిక్యం, దేహంలో ఆధిక్యం (బఖరా 247). హజ్రత్ మూసా (అ)ను పనిలో పెట్టుకొమ్మని మద్యన్ వృద్ధుని కుమార్తె తండ్రికి సలహా ఇచ్చినప్పుడు పేర్కొన్న గుణాలూ రెండే: బలం, విశ్వసనీయత (ఖసస్ 26). విశ్వాసులందరిలోనూ మేలు ఉన్నదనీ, అయితే బలం గల విశ్వాసి బలహీనుని కంటే ఉత్తముడనీ తెలిపే హదీసును ఇమామ్ ముస్లిం నమోదు చేశారు. ఇక్కడ బలమంటే పరలోక విషయాలలో మనోనిశ్చయమని ఇమామ్ నవవీ వ్యాఖ్యానించారు. ఆ వ్యాఖ్యానాన్ని మేము శిరసావహిస్తాము. అయితే మనోనిశ్చయం సైతం కాళ్ళూ చేతుల ద్వారానే పని చేస్తుంది కదా! తహజ్జుద్‌కు లేవాలని మనస్సు ఎంత కోరినా మోకాళ్ళు సహకరించకపోతే ఏమి చేయగలం? జనాజాకు భుజం పట్టాలన్నా, మంచాన ఉన్న తల్లిని లేపి కూర్చోబెట్టాలన్నా దేహంలో సత్తువ ఉండాలి.

కండ తరిగిపోయే తీరు

వైద్యులు చెప్పేది సూటిగా విందాం. ముప్పై, నలభై ఏళ్ళ తరువాత శరీరంలోని కండరాలు కొద్దికొద్దిగా తరుగుతూ వస్తాయి. అరవై దాటిన పిమ్మట ఆ తరుగుదల వేగం పుంజుకుంటుంది. పైకి బరువు తగ్గకపోవచ్చు, ఎందుకంటే కండ పోయిన చోట కొవ్వు చేరుతుంది. కనుక తూకం చూసుకుని తృప్తిపడేవారు మోసపోతారు. కండరం బరువులెత్తడానికి మాత్రమే ఉన్నది కాదు. భోజనం తరువాత రక్తంలో చేరిన చక్కెరలో పెద్ద భాగాన్ని ఇముడ్చుకునేది అదే. మన దేశంలో మధుమేహులు 10 కోట్లకు పైగా ఉన్నారని భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం 2023లో వెల్లడించింది. చూడటానికి సన్నగా ఉన్నా కండ తక్కువగా, పొట్ట చుట్టూ కొవ్వు ఎక్కువగా ఉండటం మన దేశస్థులలో తరచుగా కనిపించే లక్షణం. ఈ వ్యాధి మనలో ఇంతగా వ్యాపించడానికి అది ఒక ముఖ్య కారణం.

బ్రెజిల్‌లోని రియో డి జనీరో నగరంలో క్లాడియో గిల్ అరౌజో అనే వైద్యుడు, ఆయన సహచరులు 51 నుండి 80 ఏళ్ళ వయస్సు గల 2,002 మందికి ఒక చిన్న పరీక్ష పెట్టారు. నేలపై కూర్చోవాలి, తిరిగి లేవాలి. కూర్చోవడానికి 5 మార్కులు, లేవడానికి 5 మార్కులు. చేయి గాని మోకాలు గాని ఆనించిన ప్రతిసారీ ఒక మార్కు పోతుంది. తూలితే అర మార్కు పోతుంది. ఆ తరువాత సుమారు ఆరేళ్ళ పాటు వారిని గమనించారు. మూడు లేక అంతకు తక్కువ మార్కులు వచ్చినవారిలో మరణాలు, ఎనిమిది లేక అంతకు పైగా వచ్చినవారి కంటే ఎన్నో రెట్లు అధికంగా ఉన్నాయి. ఆయుష్షు అల్లాహ్ చేతిలో ఉన్నది. లేవలేకపోవడమే వారి మరణానికి కారణమని ఎవరూ అనడం లేదు. లోపల శరీరం ఏ స్థితిలో ఉన్నదో ఆ చిన్న కదలిక బయటపెట్టిందన్నదే దాని అర్థం.

హనఫీ ఫిఖ్హ్ చదివిన ప్రతి విద్యార్థికీ ఈ కదలిక తెలుసు. అవసరం లేనప్పుడు చేతులు నేలకు ఆనించకుండా, పాదాల ముందు భాగంపై బలం మోపి సజ్దా నుండి నిలబడాలని ఆ గ్రంథాలలో నేర్చుకుంటాము. రియో నగరపు వైద్యుడు మార్కులు వేసినది ఇంచుమించు ఆ కదలికకే. మన తాతలు ఎనభై ఏట కూడా దాన్ని సునాయాసంగా చేశారంటే, వారు పొలంలో వంగారు, బావి నుండి నీళ్ళు తోడారు, చాపపై కూర్చుని తిన్నారు. మనం సోఫా నుండి కారుకూ, కారు నుండి కుర్చీకీ మారుతున్నాము.

నమాజు చాలదా?

ఈ ప్రశ్న మాకు తరచుగా ఎదురవుతుంది. రోజుకు ఫర్జ్ రకాతులు 17, సజ్దాలు 34. వాటిలో నేలపై నుండి నిటారుగా లేచే సందర్భాలు 12. అయిదు పూటలా సలాం తరువాత నేలపై నుండి లేచేవి 5. మొత్తం 17 సార్లు. సున్నతులూ విత్రూ కలిపితే ఇంకా ఎక్కువ. ఇంతకు మించిన వ్యాయామం దేనికని అడుగుతారు.

దీనికి రెండు సమాధానాలు. మొదటిది, నమాజు ఆరాధన. అది అల్లాహ్ ముందు దాసుడు నిలబడటం. దానివల్ల కీళ్ళు కదులుతాయి, రక్తం ప్రసరిస్తుంది. అవి అల్లాహ్ అదనంగా ఇచ్చిన మేళ్ళు. వాటి కోసమే నమాజు చేసేవాడు తన సంకల్పాన్ని పోగొట్టుకుంటాడు. రెండవది, దేహం విషయంగా చూసినా నమాజు ఒక్కటే సరిపోదు. కండరం తనకు అలవాటైన దానికంటే కొంచెం ఎక్కువ బరువు మోసినప్పుడే బలపడుతుంది. నమాజులో బరువు పెరగదు. అది ఉన్న కదలికను నిలుపుతుంది గాని కొత్త బలాన్ని పోగుచేయదు. కనుక సజ్దా చేయగల శక్తిని నమాజు వెలుపల సంపాదించుకోవాలి. ఈ వ్యాసంలో మేము చెప్పదలచిన ముఖ్య విషయం ఇదే.

దక్కనులో మన పూర్వులకు ఇది తెలుసు. ‘తాలీం’ అనే మాటకు విద్య అని అర్థం. కుస్తీ నేర్చే చోటును కూడా వారు తాలీం అనే పిలిచారు. హైదరాబాదు పాతబస్తీలో, ముఖ్యంగా యెమెన్ నుండి వచ్చి నిజాం సైన్యంలో పనిచేసిన అరబ్బుల సంతతి నివసించే బార్కస్‌లో, పహిల్వానుల సంప్రదాయం ప్రసిద్ధమైనది. అక్కడ దండ్, బైఠక్ ప్రతి శిష్యునికీ నిత్యవిధి. ఆ బైఠక్‌కు దగ్గరి చుట్టమే మన బడులలోని గుంజీలు. పహిల్వానుకు దినచర్య అయినది మన బడిలో శిక్షగా మారింది. మేలు చేసే పనిని శిక్షగా నేర్పితే పిల్లలకు దానిపై జీవితాంతం ఏవగింపు మిగులుతుంది. ఖుర్ఆన్ కంఠస్థం చేసే పిల్లలు గంటల తరబడి కూర్చుని ఉంటారు. అస్ర్ నుండి మగ్రిబ్ వరకు వారిని ఆటకు వదలడం మదరసాలలో పాత ఆనవాయితీ. ఆ సమయాన్ని అదనపు పాఠాలకు మళ్ళించవద్దని తోటి ఉపాధ్యాయులకు మా విన్నపం.

ఇంటి నాలుగు గోడల మధ్య

ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు సూచించినది ఇది. వారానికి కనీసం 150 నిమిషాలు చురుకైన నడక వంటి శ్రమ, దానితోపాటు వారానికి రెండు రోజులైనా కండరాలను బలపరిచే సాధన. అరవై అయిదు దాటినవారు వీటికి తోడు వారానికి మూడు రోజులు తూలకుండా నిలిచే అభ్యాసం చేయాలి. నడక చాలామందికి తెలుసు. రెండవ అంశాన్నే మనం మరచిపోతున్నాము.

దానికి జిమ్ తప్పనిసరి కాదు. గట్టి కుర్చీ ఒకటి గోడకు ఆనించి వేసుకోండి. చేతులు గుండెపై కట్టుకుని, కూర్చుని లేవండి. పది సార్లు. కాసేపు ఆగి మళ్ళీ పది. తరువాత గోడకు అరచేతులు ఆనించి, శరీరాన్ని గోడ దగ్గరకు తెచ్చి వెనుకకు నెట్టండి. అదీ పది సార్లు, రెండు విడతలు. రెండు చేతులా నీళ్ళ సీసాలో సరుకుల సంచులో పట్టుకుని ఇంటి ఈ కొస నుండి ఆ కొసకు నడవండి. గోడ పట్టుకుని మునివేళ్ళపై లేచి దిగండి. చివరగా ఒంటికాలిపై పది లెక్కించే వరకు నిలబడండి. ఇదంతా ఇరవై నిమిషాల పని. మధ్యలో ఒక రోజు విశ్రాంతినిస్తూ వారానికి రెండు మూడు సార్లు చేస్తే చాలు.

అసలు కిటుకు పెంచడంలో ఉన్నది. చివరి రెండు సార్లు కష్టంగా అనిపించాలి. అనిపించకపోతే కుర్చీకి బదులు తక్కువ ఎత్తు పీట వాడాలి, సీసాకు బదులు బరువైన సంచి పట్టాలి. కొన్ని నెలలకు పీట కూడా తీసివేసి నేలపై కూర్చుని లేవడం సాధన చేయాలి. మోకాళ్ళ నొప్పి ఉన్నవారు కదలికకు భయపడతారు. కాని మోకాలి అరుగుదలకు వైద్యులు సూచించే చికిత్సలలో తొడ కండరాలను బలపరచడం ముఖ్యమైనది. గుండె జబ్బు, అధిక రక్తపోటు, ఇటీవల శస్త్రచికిత్స జరిగినవారు మాత్రం ముందుగా వైద్యుణ్ణి సంప్రదించి మొదలుపెట్టాలి.

స్త్రీలకు ఇవన్నీ మరింత అవసరం. బహిష్టులు ఆగిన తరువాత వారి ఎముకలు త్వరగా పలచబడతాయి. కండరాలకు పని చెప్పినప్పుడు ఎముకలు కూడా బలాన్ని నిలుపుకుంటాయి. పర్దా పేరుతో ఇంటి ఆడవారిని నడకకు కూడా దూరం చేసే పురుషులు ఒక సంఘటన గుర్తుంచుకోవాలి. దైవప్రవక్త (స) ఒక ప్రయాణంలో హజ్రత్ ఆయిషా (ర)తో పరుగు పందెం వేశారు. ఆమె గెలిచారు. కొంతకాలానికి ఆమె ఒళ్ళు చేసిన తరువాత మళ్ళీ పందెం వేయగా ఆయన గెలిచి, ఇది ఆనాటి దానికి బదులని చమత్కరించారు. ఈ ఉదంతం సుననె అబూదావూద్‌లో ఉన్నది. మహమ్ (దగ్గరి బంధువు)ను తోడు చేసుకునో, డాబా మీదనో, తెల్లవారు జామునో స్త్రీలు నడిచే వీలు కల్పించడం ఇంటి పెద్ద బాధ్యత.

పళ్ళెంలో ఏమున్నది?

సాధన ఎంత చేసినా తిండి సరిగా లేకపోతే ఇటుకలు లేకుండా గోడ కట్టినట్లే. ఆదం సంతతికి నడుము నిలబెట్టే కొన్ని ముద్దలు చాలుననీ, తప్పనిసరైతే పొట్టలో మూడవ వంతు ఆహారానికి, మూడవ వంతు నీటికి, మూడవ వంతు ఊపిరికి ఉంచాలనీ తెలిపే హదీసును ఇమామ్ తిర్మిజీ నమోదు చేశారు. ఈ హదీసును మనం వేదికలపై వింటాము, వలీమాలో మరచిపోతాము. పెళ్ళి విందు రాత్రి పదకొండింటికి వడ్డిస్తారు. బిర్యానీపై బిర్యానీ, దానిపై ఖుబానీ కా మీఠా, ఆపై ఐస్ క్రీమ్. ఇంటికి చేరేసరికి అర్ధరాత్రి దాటుతుంది. పొట్ట బరువుతో ఫజ్ర్ నమాజు పోతుంది. విందు త్వరగా ముగించే ఆతిథేయుడు అతిథుల ఆరోగ్యానికీ, నమాజుకూ మేలు చేసినవాడు.

మేము బిర్యానీని నిషేధించమనడం లేదు. అల్లాహ్ హలాల్ చేసినదాన్ని కాదనే అధికారం మనకు లేదు. మితి తప్పవద్దని ఆరాఫ్ 31వ ఆయతు హెచ్చరించింది. మన పళ్ళెంలో మితి తప్పినవి రెండు: తెల్ల అన్నం, చక్కెర. ఒక కప్పు చాయ్‌లో రెండు చెంచాల చక్కెర వేస్తే 8 నుండి 10 గ్రాములు. రోజుకు నాలుగు కప్పులు తాగితే 32 నుండి 40 గ్రాములు. పెద్దలకు రోజంతటికీ సుమారు 25 గ్రాముల లోపు ఉండటం మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటున్నది. బిస్కెట్లూ మిఠాయిలూ ఈ లెక్కలో ఇంకా చేరలేదు.

మితికి తగ్గినవి కూరగాయలు, మాంసకృత్తులు. మాంసం తినే ఇళ్ళలో మాంసకృత్తుల కొరత ఉండదని అనుకుంటారు. ఆదివారం, శుక్రవారం కడుపునిండా మాంసం తిని, మిగతా అయిదు రోజులు అన్నం, ఖట్టాతో గడిపితే కండరానికి సరిపోదు. అది రోజూ అడుగుతుంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి కలిసి 2020లో ప్రకటించిన లెక్క ప్రకారం పెద్దలకు శరీర బరువులో కిలోకు 0.83 గ్రాముల మాంసకృత్తులు రోజూ కావాలి. అరవై కిలోల మనిషికి 50 గ్రాములు. గుడ్డులో సుమారు 6 గ్రాములు, గ్లాసుడు పాలలో 8, వంద గ్రాముల పప్పులో 22 నుండి 24 గ్రాములు ఉంటాయి. ఉదయం గుడ్డు లేక పెసరట్టు, మధ్యాహ్నం చిక్కటి పప్పు, పెరుగు, సాయంత్రం బిస్కెట్‌కు బదులు ఉడికించిన శనగలు, రాత్రి జొన్న రొట్టెతో కూర, చేప లేక కోడి మాంసం. దాల్చాలో సొరకాయ ముక్కలు పెంచండి, గోంగూరలో మాంసం వండినప్పుడు గోంగూరకు చోటివ్వండి. ఇవేవీ కొత్త వంటలు కావు. మూత్రపిండాల వ్యాధి ఉన్నవారు మాత్రం ఈ లెక్కను వైద్యుని సలహాతోనే పాటించాలి.

దస్తర్‌ఖాన్ విషయంలో ఇంకొక న్యాయం మిగిలి ఉన్నది. చాలా ఇళ్ళలో వండిన ఆమె చివర తింటుంది. గిన్నెలో మాంసం ముక్కలు అయిపోయి పులుసు మిగిలి ఉంటుంది. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుండి 49 ఏళ్ళ స్త్రీలలో 57 శాతం మంది రక్తహీనులు. దీనికి కారణాలు పలు ఉన్నా, చివర తినే అలవాటు వాటికి తోడ్పడుతుంది. దైవప్రవక్త (స) ఇంట్లో ఉన్నప్పుడు ఇంటివారి పనులలో నిమగ్నమై ఉండేవారని హజ్రత్ ఆయిషా (ర) చెప్పారు. ఆ సున్నత్‌ను పాటించే భర్త, భార్య వాటా ముందుగా తీసిపెట్టడంతో ఆరంభించవచ్చు.

రెండు కొసలు

యువకులలో మరొక ధోరణి కనిపిస్తున్నది. జిమ్‌లో రెండు గంటలు గడిపి, అద్దంలో చూసుకుని, మగ్రిబ్ పోగొట్టుకునేవారున్నారు. మోకాళ్ళు దాటని నిక్కర్లతో సతర్ నియమాన్ని మరచేవారున్నారు. త్వరగా కండ పెరగాలని ఇంజక్షన్లు తీసుకుని గుండెకూ, కాలేయానికీ ముప్పు తెచ్చుకునేవారూ ఉన్నారు. శరీరం పెంచుకోవడానికి ప్రొటీన్ పొడులు వాడవద్దని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాలు చెబుతున్నాయి. అద్దం కోసం చేసే సాధన అద్దంలోనే ముగుస్తుంది. తల్లిదండ్రులకు సేవ చేయాలని, పరులకు భారం కాకూడదని, చివరి వరకు సజ్దా చేయాలని సంకల్పించుకుంటే అదే సాధన పుణ్యకార్యమవుతుంది.

దానికి ఎదురు కొసన, రోజా, రాత్రి నమాజు పేరుతో దేహాన్ని అలక్ష్యం చేయడం ఉన్నది. ప్రతి దినం ఉపవాసం, ప్రతి రాత్రి జాగారం చేస్తున్న హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ అమ్ర్ (ర)ను దైవప్రవక్త (స) వారించి, శరీరానికీ ఆయనపై హక్కు ఉన్నదని గుర్తుచేశారు (బుఖారీ). హక్కు అన్న తరువాత దాన్ని చెల్లించడం మన ఇష్టాయిష్టాలకు వదిలినది కాదు.

ఇప్పుడేమి లాభం అనేవారికి

వయస్సు మీరింది, ఇంకేమి లాభం అని నిరాశపడేవారికి ఒక వార్త. అమెరికాలోని బోస్టన్‌లో మరియా ఫియాటరోన్ అనే వైద్యురాలు, ఆమె బృందం వృద్ధాశ్రమంలో ఉంటున్న, సగటున 90 ఏళ్ళ వయస్సు గల పదిమంది దుర్బలులకు ఎనిమిది వారాలు కాళ్ళతో బరువులెత్తే శిక్షణ ఇచ్చారు. 1990లో ప్రచురించిన ఫలితాల ప్రకారం వారి కాళ్ళ బలం సగటున 174 శాతం పెరిగింది. తొంభై ఏట ఇది సాధ్యమైతే, అరవై ఏట మనం చెప్పే సాకులకు విలువ ఏమున్నది?

కొద్దిగానైనా విడవకుండా చేసే ఆచరణ అల్లాహ్‌కు అత్యంత ప్రియమైనదని హదీసు తెలుపుతున్నది. ఒక నెల ఉత్సాహం, పదకొండు నెలల విరామం కంటే వారానికి రెండు రోజులు, ఇరవై నిమిషాలు, ఏళ్ళ తరబడి సాగడం మేలు. మన వారిలో అనేకులు కుమార్తెల వివాహాలు ముగించి, ఉద్యోగ విరమణ చేసి, చివర్లో హజ్‌కు బయలుదేరుతారు. కాబా చుట్టూ ఏడు ప్రదక్షిణలు, సఫా మర్వాల నడుమ సుమారు మూడు కిలోమీటర్ల సయీ, జనసమ్మర్దంలో మినా, అరఫాత్. డబ్బు కూడబెట్టినట్లే ఆ ప్రయాణానికి కాళ్ళ బలాన్నీ కూడబెట్టాలి. ఈ శుక్రవారం మస్జిదుకు స్కూటరుపై కాక కాలినడకన బయలుదేరండి. ఆ సాయంత్రం ఇంటిల్లిపాదీ కలిసి కుర్చీ సాధన మొదలుపెట్టండి. పిల్లలు లెక్కపెడతారు, పెద్దలు చేస్తారు.

దైవప్రవక్త (స) తన ప్రార్థనలలో అశక్తత నుండి, సోమరితనం నుండి అల్లాహ్ శరణు వేడేవారు. ఆ రెండింటి నుండీ మనల్ని, మన సంతానాన్ని అల్లాహ్ కాపాడుగాక! మన చివరి శ్వాస వరకు నుదురు నేలకు ఆనించగల శక్తిని, వ్యాధితో అది చేయలేనివారికి సంపూర్ణ ప్రతిఫలాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.